కోట వైపని చెప్పాం

రెండో విడత కరోనా తగ్గిన వానాకాలంలో మా సేఫ్టీ మేనేజరుగారికి డాంగ్ కొండల్లో ట్రెకింగు చేయాలన్న కోరిక పుట్టింది. హజీరా ఫ్యాక్టరీ క్వార్టర్సులో నెలల తరబడి మగ్గిపోయి ఉన్నానేమో, ఆయన తానా అంటే నేను తందానా అన్నాను. సూరత్ నుంచి కారులో దారంతా పాఠమే. అడవిలో జంతువులకంటే మనుషులే ప్రమాదమట. ఎవరికీ పేరు చెప్పకూడదు, ఉద్యోగం చెప్పకూడదు, పోయే దారి అసలే చెప్పకూడదు. మెడలో ఈల, జేబులో పెప్పర్ స్ప్రే. రోగాన్ని మోసుకొచ్చే నగరం మాదే అయినా, మాస్కు మాత్రం పల్లెటూరివాళ్ళు కనిపించినప్పుడే బిగించుకునేవారు.

కొండ కింద ఆఖరి ఊళ్ళో టీ తాగాం. కొట్టు నడిపే మనిషి, ఎటు పోతున్నారని హిందీలో అడిగాడు. మధ్యాహ్నం వాన పడితే వాగు పొంగుతుందట. బయటివాళ్ళు తిరిగి రాకపోతే వెతకడానికి వెళ్ళేది తనేనట. అందుకే అందర్నీ అడుగుతానన్నాడు. నాట్ల రోజులు, భార్య అప్పటికే మడిలో ఉంది, తనూ వెళ్ళాలి. ఇంత విడమరిచి చెప్పినా మా సార్ తెలివి తెల్లారినట్టే ఉంది. కొండ మీది పాత కోట వైపని చెప్పేశారు. మేం పోయేది దానికి ఎదురు దిక్కున ఉన్న జలపాతానికి.

బయటికొచ్చాక, "చూశావా, ఎలా ఆరా తీస్తున్నాడో. మనం ఎక్కడుంటామో తెలిస్తే ఇంకేమన్నా ఉందా?" అన్నారు. నేను తలూపాను.

వాన పడింది, వాగు పొంగింది. అవతలి గట్టున రాతి చాటున మూడు గంటలు నక్కి కూర్చున్నాం. సార్ ఈల ఊదారు. ఆ హోరులో పక్కనున్న నాకే సరిగ్గా వినపడలేదు. ఎవరైనా మనిషి కనిపిస్తే బాగుండునని ఆ పెద్దమనిషే పదిసార్లు అన్నారు. సాయంత్రానికి నీళ్ళు తగ్గితే దాటి, పడుతూ లేస్తూ ఊరు చేరాం.

టీకొట్టు ముందు జనం. ఆ మనిషిని మంచం మీద పడుకోబెట్టి ఉన్నారు. మమ్మల్ని పిలుచుకుంటూ కోటదాకా ఎక్కి, పాకుడు మెట్ల మీద జారాడట. మోకాలి కింద కాలు వంకరపోయి ఉంది. ఇంక ఈ ఏడు అతను మడిలో దిగేది లేదని చూస్తేనే తెలుస్తోంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

చేతుల బురదైనా కడుక్కోని అతని భార్య, "కోట వైపన్నారు కదా?" అని మాత్రం అడిగింది.

ఆసుపత్రికి జీపు వచ్చింది. అక్కడేమైనా అడిగితే చెప్పడానికి మీ ఫోన్ నంబరొకటి ఇవ్వమంది ఆవిడ. సార్ నా చెవిలో, "ఇచ్చేవు, జాగ్రత్త" అన్నారు.

ఆయన పిరికితనాన్ని తలుచుకుని ఇప్పటికీ తిట్టుకుంటాను. ఆవిడకు నంబరు ఇచ్చింది నేనే. ఒక అంకె మార్చి ఇచ్చాను.