రజబ్ నెలలో డాక్టరు అడిగిన ప్రశ్నలు

డెబ్బయ్యో దశకంలో మేం విశాఖ పాతపట్నంలో ఒక ముస్లిం కుటుంబం ఇంట్లో అద్దెకుండేవాళ్లం. నాన్నకు పోర్టులో ఉద్యోగం. ఇంటావిడ అత్తగారిని నేను దాదీ అనేదాన్ని. చిన్నప్పటినుంచీ ఆవిడ పక్కన చేరి కబుర్లు వింటూ ఉర్దూ పట్టేశాను. దాదీకి తెలుగు అంతంతమాత్రం. గడప దాటడమే అరుదు.

నేను కాలేజీలో చేరిన ఏడాది దాదీ వేసిన ఉప్పే మళ్లీ వెయ్యడం, కొడుకుని భర్త పేరుతో పిలవడం మొదలుపెట్టింది. కోడలు హడలిపోయి, దాదీని వెంటబెట్టుకుని, నన్ను తోడు తీసుకుని ఆస్పత్రికి బయల్దేరింది.

డాక్టరు గుంటూరువైపు కుర్రవాడు.

"ఇప్పుడు ఏ నెలమ్మా?"

"రజబ్," అంది దాదీ.

ఏ సంవత్సరమంటే నవ్వి ఊరుకుంది. ప్రధానమంత్రి పేరడిగితే ముసుగు సర్దుకుంది. ఆయన నిట్టూర్చి, "జ్ఞాపకశక్తి బాగా పోయిందండీ," అన్నాడు.

"మా అత్తకి ఏటైపోనాదమ్మా!" అని కోడలు ఏడుపు అందుకుంది. కంగారులో ఆవిడకి రజబ్ సంగతే తట్టలేదు.

నేనిక ఆగలేకపోయాను. "డాక్టరుగారూ, రజబ్ అంటే వాళ్ల కేలండర్లో ఒక నెలండి. ఇప్పుడు నడస్తన్నాది అదే. మీరు అడగండి, నాను ఉర్దూలో సెప్తాను."

ఆయన ముఖం విప్పారింది. కుర్చీ ముందుకు లాక్కుని, "అయితే ఇంటినుంచి పూర్ణా మార్కెట్టుకి దారి చెప్పమను," అన్నాడు.

దాదీ కళ్లు మూసుకుంది. ఎప్పుడెళ్లినా చుట్టూ పరదా కట్టిన రిక్షాలోనే వెళ్లింది మరి. ఆవిడ చెబుతుంటే నేను తెలుగులో అందించాను: "ముందు రొట్టెల బట్టీ వాసన. మలుపు తిరిగితే ఎండుచేపలు. తర్వాత బెల్లం. మల్లెపూల వాసన రాగానే రిక్షా ఆపించాలి. లేదంటే మాంసం కొట్టు ముందు దిగుతాం!"

డాక్టరు పగలబడి నవ్వాడు. దాదీ కూడా.

ఇంకా చాలా అడిగాడు. పొద్దున తనకెవరూ టీ ఇవ్వలేదంది దాదీ.

"రెండు కప్పులు తాగేసినాది బాబూ!" అంది కోడలు.

"మరపు ఉంది. కానీ నేననుకున్నంత కాదు," అన్నాడాయన. "పనులు మాన్పించకండి. ఉప్పు డబ్బా మాత్రం మీ దగ్గర పెట్టుకోండి."

దాదీ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. అప్పుడప్పుడు నన్ను చెల్లెలనుకుని జడ వేసేది. నేనూ చెల్లెలిలాగే కూర్చునేదాన్ని.

ఉర్దూ మాట్లాడే ముసలివాళ్లు వస్తే డాక్టరు నాకు కబురు పెట్టేవాడు. ఒకసారి నేనక్కడ ఉండగానే జాలరిపేట ముసలమ్మ ఒకామె వచ్చింది. తెలుగే కదా అని ఆయనొక్కడే లోపలికి తీసుకెళ్లాడు. కాసేపటికి తలుపు తీసి, "అమ్మాయ్, ఇలా రా. ఈ తెలుగు కూడా నాకు అందట్లేదు," అన్నాడు.

ముసలమ్మ ఆయన వైపు జాలిగా చూసింది. "ఎన్నిమార్లు సెప్పినా మళ్లీ అదే అడుగుతన్నాడమ్మా. పాపం, ఈ బాబుకి మతిమరుపు గావాల!"