సంగటిలో పోసే నీళ్లు

మా ఊరి నర్సమ్మ పోయిన నెల చనిపోయింది. ఆదివారం పొద్దున, మిద్దె మీద నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుని నేను ఫోన్‌లో క్లాసు వింటున్నాను. ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. "అన్నా, ముసలామె పోయినట్టుండాది. కాఫీ తాగి మంచం మీద ఒరిగింది, మళ్లీ లేయలా. నువ్వొచ్చి చూడన్నా" అంది. క్లాసు ఆపేసి కిందికి దిగాను. ఆమెది మా ఎదురిల్లే. చెయ్యి పట్టుకుని చూశాను. అప్పటికే చల్లబడింది.

చనిపోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. ఆమెకూ నాకూ తొమ్మిదేళ్లు పడలేదు. పడిందని రాస్తే ఊర్లో ఒక్కరూ నమ్మరు. జరిగింది జరిగినట్టే రాస్తాను.

బెళుగుప్ప పక్కన మా ఊరి ఉపకేంద్రంలో ఆమె ముప్పై ఏళ్లకు పైగా నర్సుగా పనిచేసింది. రిటైరైన తర్వాత కూడా నర్సమ్మ అంటే ఆమే. ఆమె స్థానంలో వచ్చిన అమ్మాయి ఇప్పటికీ 'కొత్త పాప'. నర్సమ్మ ఏ ఇంటికి పోయినా ముందు పలకరించేది కాదు. నేరుగా వంటింట్లోకి పోయి కుండ మీద మూత తీసి చూసేది. బాలింత ఏం తింటోంది, పిల్లకు ఏం పెడుతున్నారు అని అడగడం ఆమెకు అలవాటు లేదు. "నోరు అబద్ధం చెప్తాది, కుండ చెప్పదు" అనేది. కోడళ్లకు ఆమె అంటే ఒళ్లు మంట. ఆమె వీధి మొదట్లో కనపడితే వంటింటి తలుపు దగ్గరికి వేసుకునేవాళ్లు. అయినా నొప్పులు మొదలైతే పిలిచేది ఆమెనే.

నేను హెల్త్ అసిస్టెంటుగా చేరింది ఆమె రిటైరవడానికి మూడేళ్ల ముందు. మాది దూదేకుల ఇల్లు. నాయన ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. డిగ్రీ చదివి ఉద్యోగంలో చేరింది మా ఇంట్లో నేనే మొదటివాణ్ని. అందుకు కొంచెం పొగరు ఉండేది, కాదనను. మొదటి ఎండాకాలంలో వారానికొకసారి ఓవర్‌హెడ్ ట్యాంకు ఎక్కి బ్లీచింగ్ కలపాలి. ఒక వారం ఎక్కలేదు. ఎక్కి కలిపినట్టు రాసి సంతకం పెట్టాను. నర్సమ్మ నెల మీటింగులో డాక్టరమ్మ ముందర, పాతికమంది ముందర లేచి నిలబడి చెప్పింది. "తొట్టి నిచ్చెన రెండో మెట్టు ఇరిగి పది దినాలైంది. ఈయప్ప యాడ్నుంచి ఎక్కినాడో అడగండి మేడమ్. రెక్కలేమన్నా ఉండాయేమో."

నాకు మెమో ఇచ్చారు. ఆమె చెప్పింది నిజమే. విడిగా పిలిచి తిట్టి ఉండొచ్చు కదా అని తొమ్మిదేళ్లు అనుకున్నాను. ఇప్పుడూ అనుకుంటున్నాను.

మూడేళ్ల కిందట ప్రజారోగ్యంలో పీజీకి ఆన్‌లైన్‌లో చేరాను. శని, ఆదివారాలు క్లాసులు. మా ఇంట్లో సిగ్నల్ రాదు, మిద్దె మీద వస్తుంది. నేను పైన, ఆమె కింద తన వాకిట్లో చిన్న పీట మీద. ఆమె మోకాళ్లు సాగవు. నడుము వంగిపోయి, తల ఎత్తాలంటే మెడ పక్కకు తిప్పాలి. అలా పక్కకు తిప్పి పైకి చూస్తూ మాట్లాడేది.

"ఏమప్పా చదువులయ్యా, ఏం చెప్తాండారు మీ పంతుళ్లు?"

"ప్రజల ఆరోగ్యం గురించమ్మా."

"ప్రజలు ఈడుండారు కింద. నువ్వు మిద్దెక్కినావే!"

వీధిలో వాళ్లు నవ్వేవాళ్లు. ఇంకోరోజు ఇంకో మాట. "మీ నాయన ఏకిన దూది మంచం మీదికి పనికొచ్చె. నువ్వు ఏకేది యాడికి పనికొస్తాది నాయనా?" నేను ఇయర్‌ఫోన్ పెట్టుకునేవాణ్ని. ఆమె గొంతు అందులోంచి కూడా వినపడేది.

చివరి సెమిస్టర్‌లో థీసిస్ రాయాలి. మా పక్క బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. పిల్లలకు పండ్లు గారపడతాయి, పెద్దవాళ్లకు కీళ్లు బిగుసుకుపోతాయి. కొన్నేళ్లుగా ఊరూరా ఫిల్టర్ ప్లాంట్లు వచ్చాయి. ప్లాంటు నీళ్లు తాగే ఇళ్లలో కీళ్ల నొప్పులు తగ్గాయా లేదా అన్నది నేను తీసుకున్న విషయం. మూడు ఊర్లు తిరిగాను. ఫోన్‌లో ఫారం తెరిచి, గడప దగ్గర నిలబడి, ఇంటి యజమానిని అడిగేవాణ్ని. 'తాగే నీళ్లు ఏవి? ప్లాంటువా, బోరువా?' చెప్పింది నొక్కి ముందుకు పోయేవాణ్ని. రోజుకు ఇరవై ఇళ్లు సులభంగా అయ్యేవి.

ఎదురింటికి చివరిగా పోయాను. నర్సమ్మ ఫోన్ వైపు చూసింది, నా వైపు చూసింది.

"నా మోకాళ్లు బిగిస్తే నీకు సర్టిఫికెట్టా?"

"ఊరి కోసమేనమ్మా."

"ఊరి కోసమైతే ఊరికే అడగచ్చు కదప్పా. బైటికి నడువు."

ఫారంలో 'నిరాకరించారు' అని ఒక గడి ఉంటుంది. మూడు ఊర్లలో ఆ గడి నొక్కింది ఆమె ఒక్కదాని ఇంటికే. నొక్కేటప్పుడు సంతోషంగా ఉండింది.

లెక్క తీస్తే ప్లాంటు నీళ్ల ఇళ్లకూ బోరు నీళ్ల ఇళ్లకూ పెద్ద తేడా రాలేదు. ప్లాంటు వల్ల ప్రయోజనం కనపడలేదని రాశాను. గైడు సార్ స్క్రీన్ మీద తల ఊపి, ఆసక్తికరమైన ఫలితమన్నారు, నెలాఖరుకు పంపేయమన్నారు. నెలాఖరుకు పంపితే డిగ్రీ చేతికొస్తుంది. డిగ్రీ ఉంటే జిల్లా ఆఫీసులో ఖాళీ అయిన పోస్టుకు దరఖాస్తు చేయొచ్చు. ఆ పోస్టు వస్తే అనంతపురంలో కాపురం. మా ఆవిడ అప్పటికే అక్కడ బడి కూడా చూసి పెట్టింది.

అది విత్తనానికి వేరుశనగ కాయలు ఒలిచే కాలం. మా పక్క మిషనుకు వేస్తే గింజ పగిలి మొలక రాదని, విత్తనానికి మాత్రం ఇప్పటికీ కొందరు చేత్తోనే ఒలిపిస్తారు. వీధి చివర రైతు ఇంటి పంచలో పదిమంది ఆడవాళ్లు కూర్చుని ఒలుస్తున్నారు. అందులో ఇద్దరికి బీపీ చూడాలని పోయాను. నర్సమ్మ గోడకు ఆనుకుని చేట ముందు పెట్టుకుని ఉంది. నన్ను చూడగానే అందుకుంది.

"ఏమే, ఈయప్పకి ఏం చెప్పినార్రా మీరంతా?"

"మమ్మల్ని యాడ అడిగినాడు? మా ఆయప్పని అడిగినాడు" అంది ఒకామె.

"ఏం చెప్పినాడు మీ ఆయప్ప?"

"ప్లాంటు నీళ్లే తాగుతామని చెప్పినాడు. నిజమే కదా, ఇంట్లో తాగేటివి అవే."

"సంగటికి ఏ నీళ్లు పోస్తావే?"

ఆమె నవ్వింది. "అదేం మాట నర్సమ్మా! సంగటికి ప్లాంటు నీళ్లు ఎవురైనా పోస్తారా? ఆ బిందె మోసుకొచ్చేకి నడుములు పడిపోతాండాయి. సంగటికి, బువ్వకి, చారుకి బోరు నీళ్లే."

"చేన్లో?"

"చేన్లో మోటరు కాడ తాగుతాము. పొద్దన్నుంచి మాపు దాకా ఆడనే కదా ఉండేది."

నర్సమ్మ నా వైపు మెడ తిప్పింది. "ఇన్నావా? తాగేటివి అడిగితివి. తినేటివి అడిగితివా? సంగటికి ఎన్ని నీళ్లు పడ్తాయో, మగోడివి, నీకేం తెలుస్తాది! నీకు చెప్పిన మగోళ్లకూ తెలీదు."

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. బీపీ మిషను సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

గైడు సార్‌కు ఫోన్ చేశాను. విన్నారు. పరిమితులు అన్న భాగంలో ఒక వాక్యం రాసి పంపండి, మళ్లీ సర్వే అంటే సెమిస్టర్ పోతుంది అన్నారు. ఆయన తప్పు చెప్పలేదు. అందరూ చేసేది అదే. ఆ వాక్యం రాశాను కూడా. మర్నాడు ఉపకేంద్రానికి పోతుంటే నర్సమ్మ వాకిట్లోంచి అరిచింది.

"పంపితివా?"

"పంపుతా. నీకేం అవసరం?"

"పంపప్పా. ప్లాంటు దండగ అని నువ్వు రాస్తే రేపు ఎవుడో ఒగడు సదివి ప్లాంటుకు బీగం ఏస్తాడు. నీకేం, తొట్టి ఎక్కకుండా సంతకం పెట్టేది అలవాటే కదా."

నా మనస్సాక్షి మేల్కొందని రాస్తే బాగుంటుంది. అలా జరగలేదు. ఆ మాట ఆమె రేపు ఎవరెవరితో అంటుందో అన్న కోపంతో థీసిస్ పంపలేదు. గడువు దాటిపోయింది. జిల్లా ఆఫీసు పోస్టు నాకంటే చిన్నవాడికి వచ్చింది. మా ఆవిడ నర్సమ్మతో మాట్లాడడం మానేసింది. నాతో కూడా కొన్ని రోజులు.

సర్వే మళ్లీ మొదలుపెట్టినప్పుడు నర్సమ్మ, ఎవరూ అడగకుండానే, ఒక షరతు పెట్టింది. "ఫోను ఇంట్లో పెట్టి రా. అది చేతిలో ఉంటే పింఛను తీసేకి వచ్చినావనుకుంటారు. వచ్చి కూర్చో, ఒలువు. చేతులు పనిలో ఉంటే నోరు దానంతటదే మాట్లాడతాది." ముప్పై ఐదేళ్ల వయసులో, పీజీ చదివేవాణ్ని, పది పంచల్లో ఆడవాళ్ల మధ్య కూర్చుని కాయలు ఒలిచాను. బొటనవేలు గోరు పక్కన చర్మం లేచిపోయింది. "అన్నా, అది పగిలింది, ఇంగ మొలిచేది లేదు", "సారు ఒలిచింది ఉప్మాలోకి పెట్టండే" అని ఎగతాళి చేసేవాళ్లు. అడగకుండానే చెప్పేవాళ్లు. ప్లాంటు బిందె ఎవరికి? బడికి పోయే పిల్లల బాటిళ్లకు, ఇంటికొచ్చిన చుట్టాలకు, మాత్ర వేసుకునే ముసలివాళ్లకు. మిగతాదంతా బోరే. ఇంటికొచ్చి మరిచిపోకముందే రాసుకునేవాణ్ని.

ఒకరోజు నా చేటలో పగిలిన గింజలు చాలా ఉన్నాయి. ఇంటి రైతు భార్య చూడడానికి వస్తోంది. నర్సమ్మ చెయ్యి చాపి ఆ పగిలిన గింజలన్నీ తన చేటలోకి లాక్కుంది. రైతు భార్య ఆమెను తిట్టింది. ఆమె తిట్లు పడుతూనే ఇంకో కాయ ఒలిచింది. నేనూ తల వంచుకుని ఒలిచాను. తొమ్మిదేళ్లలో ఆమె నాకు చేసిన ఉపకారం అని చెప్పుకోదగ్గది అదొకటే. అప్పుడు కూడా "నీ చేతికి సూదే సరిపోతాది" అని వెక్కిరించింది.

ఆమె ఇంటి వివరాలు మాత్రం చివరిదాకా ఇవ్వలేదు. నేను మళ్లీ అడగనూ లేదు. కొత్త ఫారంలో కూడా ఆ ఇంటికి ఎదురుగా 'నిరాకరించారు' అనే ఉంది.

ఆమెకు పిల్లలు లేరు. చెల్లెలి కొడుకు రాయదుర్గంలో జీన్స్ కుట్టే చోట పనిచేస్తాడు. మధ్యాహ్నం బస్సుకు వచ్చాడు. స్నానం చేయించి పాడె మీద పడుకోబెట్టేటప్పుడు మోకాళ్లు పైకి లేచే ఉన్నాయి. "కాళ్లు సాపండప్పా" అని ఎవరో అన్నారు. ఇద్దరు మోకాళ్ల మీద చేతులు పెట్టి అదిమారు. చెల్లెలి కొడుకు కూడా పట్టుకున్నాడు.

"వదలండి" అన్నాను. "బతికుండంగా సాగలేదు, ఇప్పుడు సాగుతాయా? ఇరుగుతాయి."

"మరి గుంతలో ఎట్ల పడ్తాదన్నా?" అన్నాడు ఆ అబ్బాయి.

పక్కకు తిప్పి, ఆమెను ఎలా ఉందో అలాగే కట్టాము. గుంత చాలదు, అక్కడికి పోయి ఆమెను ఎండలో పెట్టి మళ్లీ తవ్వాలి అని దారి పొడవునా అనుకుంటూ మోశాను. పోయి చూస్తే గుంత పొట్టిగా, దాదాపు చదరంగా ఉంది. పక్కకు తిరిగి మోకాళ్లు ముడుచుకుని పడుకున్న మనిషికి సరిపోయేంత. దించాము. ఎక్కడా తగల్లేదు.

మట్టి వేస్తూ గుంత తవ్విన ఆయన్ను అడిగాను. "వెడల్పు చేయమని నీకు ఎవురు చెప్పినారు?"

"ఎవురు చెప్పల్ల సార్? ఈ ఊర్లో ముసలోళ్లకి ఇట్లే తవ్వుతా. మా నాయన కూడా ఇట్లే తవ్వుతాండె."

"ఎప్పట్నుంచి?"

ఆయన పార నేలకు ఆనించి ఆలోచించాడు. "బోర్లు పడినప్పట్నుంచి అనుకో. అంతకు ముందరివి సన్నంగుంటాయి. ఆ కంపచెట్ల కాడ ఉండాయి, పోయి చూడు."

అందరూ వెనక్కి తిరిగారు. నేను కంపచెట్ల దాకా పోయాను. అక్కడ పాత దిబ్బలు మనిషంత పొడుగున, సన్నగా ఉన్నాయి. కొన్ని నేలలో కలిసిపోయి, రాళ్ల వరసను బట్టి తెలుస్తున్నాయి. అక్కడి నుంచి ఇవతలికి నడిచాను. నడిచేకొద్దీ దిబ్బలు పొట్టిగా, వెడల్పుగా అవుతూ వచ్చాయి. చివరిది ఇంకా తడి ఆరలేదు. దాని పక్కన, తర్వాతి మనిషికి వదిలిన చోటు కూడా అంతే వెడల్పుగా ఉంది.