ముప్పై ఇస్తే ఉంచుదాం: పెద్ద బండి మీద ధర్మవరం దాకా

తెలియని దారిలో మనకంటే ముందు నడిచే ప్రభువుకు స్తోత్రం. ఎండలో నీడగా, ఎదురుగాలిలో బలంగా ఉన్న ఆయన నామానికే మహిమ. చెప్పబోయేది ఒక మోటారు సైకిలు గురించి, దాని కార్బురేటర్ గురించి. అయినా స్తోత్రం ముందుండాలి, స్క్రూలు తర్వాత.

మా సంఘానికి ఒక పాత ఐదువందల సీసీ బండి ఉంది. దూర ప్రయాణాలకు తయారైన బండి. ఇరువైపులా ఇనుప పెట్టెలు, వెనక పెద్ద క్యారియర్. మా పాస్టరు అయ్యగారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాక అది నా చేతికి వచ్చింది. స్పీకరు, మైకు, చాపలు, పాటల పుస్తకాలు అన్నీ దాని మీదే వెళతాయి. అటు పరిగి, ఇటు తనకల్లు దాకా పల్లెల్లో మేము పెట్టే ప్రార్థన కూటాలకు అదే కాళ్ళు. చిక్కల్లా మైలేజీ. ఒకప్పుడు లీటరుకు ముప్పై కిలోమీటర్లు దాటి ఇచ్చేదట. ఈ మధ్య ఇరవై దాటితే గొప్ప.

సంఘంలో లెక్కలు చూసే యేసురత్నం అన్న దాన్ని అమ్మేసి చిన్న స్కూటరు కొనాలన్నాడు. స్కూటరు మీద స్పీకరు పెట్టెలు పట్టవు, తనకల్లు వైపు కూటాలు ఆగిపోతాయి అన్నాను. చివరికి పెద్దలు ఒక మాట మీదికి వచ్చారు. ధర్మవరంలో బండి కొనడానికి ఒకాయన సిద్ధంగా ఉన్నాడు. నేనూ అన్నా కలిసి దాని మీదే అక్కడికి వెళ్ళాలి. ముప్పై ఇస్తే ఉంచుదాం. ఇవ్వకపోతే అక్కడే అప్పగించి రైల్లో వచ్చేద్దాం.

శనివారం ఉదయం ఆరున్నరకు హిందూపురంలో మెకానిక్ నూరుల్లా భాయ్ షెడ్డు ముందు నిలబడ్డాం. ఆయన స్పార్క్ ప్లగ్గు విప్పి నా అరచేతిలో పెట్టాడు. కాటుకలా నల్లగా ఉంది.

"చూడు సామీ, నూనె దీపం మాదిరి పొగ బట్టింది. పెట్రోలు ఎక్కువ తాగుతాండాది, గాలి తక్కువ. మీ దుడ్లన్నీ సైలెన్సర్లోనుంచి పోతాండాయి" అన్నాడు.

కార్బురేటర్ పక్కనున్న గాలి స్క్రూను అర చుట్టు వదులు చేశాడు. ప్లగ్గు టీ రంగులోకి వస్తే సరిగ్గా ఉన్నట్టు, నలుపైతే పెట్రోలు ఎక్కువ, తెలుపైతే గాలి ఎక్కువ. ఇంత సులభమా అనుకున్నాను. ఆ రోజంతటిలో నాకు స్పష్టంగా అర్థమైన సంగతి అదొక్కటే.

బంకులో ట్యాంకు నిండా పోయించి, ఏడింటికి బయలుదేరాం. ఈ దారిన వెళ్ళేవారికి ఒక మాట: సోమందేపల్లి మీదుగా పెనుకొండకు రోడ్డు బాగుంటుంది. టిఫిను మాత్రం హిందూపురంలోనే ముగించండి. మేము అలా చేయలేదు, ఎందుకంటే దారిలో మా విశ్వాసుల ఇళ్ళున్నాయి. ఊరు దాటిపోతూ వాళ్ళను పలకరించకుండా వెళ్ళడం మా సంఘంలో లేదు. గుమ్మం ముందు ప్రార్థన చేయకుండా కదలడం అసలే లేదు.

సోమందేపల్లిలో ఒక ఇంట్లో బొరుగుల ఉగ్గాణి పెట్టారు. తిని లేచి, బండి స్టార్ట్ చేశాక, యేసురత్నం అన్న వెనక సీటు మీద కూర్చునే చెయ్యెత్తి "చిన్న ప్రార్థన చేసుకుందాం" అన్నాడు. ఆ ఇంటి ఆవు ఈతతో మొదలై, మనవరాలి పరీక్షలు దాటి, వర్షాలు, ప్రభుత్వం, ప్రపంచ దేశాల దాకా వెళ్ళి ఆమేన్ అయింది. అన్న ప్రార్థనలో బలం ఉంది, నేను కాదనను.

పెనుకొండ చేరేసరికి తొమ్మిది దాటింది. ఎక్కుడులో బండి దగ్గడం మొదలుపెట్టింది. యాక్సిలరేటరు వదిలినప్పుడల్లా సైలెన్సరు పటపటమని పేలింది. బంకులో మళ్ళీ నింపి లెక్క వేశాం. ఇరవై రెండు.

"రైలు టైము కనుక్కుందామా తమ్ముడూ?" అన్నాడు అన్న, నవ్వకుండా.

బంకు పక్కనే ఇంకొక మెకానిక్ ఉన్నాడు, ఆదెప్ప. ప్లగ్గు విప్పితే తెల్లగా ఉంది. "ఎవురప్పా దీన్ని ఇంత వదిలింది? గాలి ఎక్కువై ఇంజను కాల్తాండాది. ఇట్లనే పోతే పిస్టను పట్టుకుని బండి నిలిచిపోతాది" అని, హిందూపురంలో వదిలిన అర చుట్టునూ మళ్ళీ బిగించాడు.

"మరి హిందూపురం ఆయప్ప ప్లగ్గు నల్లగుంది, పెట్రోలు ఎక్కువ అనె" అన్నాను.

"ఆయప్ప చూసినప్పుడు నల్లగుంటే ఆయప్ప చెప్పింది నిజమే. నేను చూసినప్పుడు తెల్లగుండాది, నేను చెప్పేదీ నిజమే."

నాకు తల తిరిగింది. నలుపుకు మందు వేస్తే తెలుపు వచ్చింది. తెలుపుకు మందు వేస్తే మళ్ళీ మొదటికే వచ్చాం కదా. ఇద్దరూ నిజమే చెబితే పెట్రోలు ఎటు పోతున్నట్టు? మనసులోనే ప్రభువును అడిగాను. జవాబు పెనుకొండలోనే, నేను చూడని వైపు నుంచి వచ్చింది.

కోట కింది వీధిలో మరియమ్మవ్వ ఇల్లు ఉంది. అయ్యగారి కాలం నుంచి కూటాలకు వచ్చే మనిషి. మజ్జిగ ఇచ్చింది, తాగాం. బండి స్టార్ట్ చేశాను. అన్న వెనక ఎక్కి చెయ్యెత్తాడు. దేశాల దాకా వెళ్ళి ఆమేన్ అన్నాడు. అవ్వ మాత్రం ఆమేన్ అనలేదు.

"ఏమప్పా రత్నం, నీ బండి దడదడకి ఆమేన్ యాడ చెప్పల్లో నాకు తెల్లేదు" అంది. "ఆపేసి చేస్తే దేవునికి వినపడదా ఏమి?"

"అది కాదవ్వా, ఒకసారి ఆపితే మళ్ళా స్టార్ట్ కావడం కష్టం. కిక్కు వెనక్కి తంతాది" అన్నాను నేను.

"అయ్యగారు ఆపేసే చేస్తాండె. ఆయప్పను తన్నలేదా?"

అన్న నా వైపు చూశాడు. నేను ట్యాంకు వైపు చూశాను. ప్రతి ఆదివారం, ప్రతి కూటం తర్వాత, ప్రతి గుమ్మం ముందు ఇంజను నడుస్తూనే ఉంది. బండి ఒక్క అడుగు కదలదు, పెట్రోలు మాత్రం కదులుతుంది. నిలబడి ఊరికే కాలే పెట్రోలుకు ప్లగ్గు నల్లబడదా మరి? అయితే తెలుపు ఎక్కడిది? అది స్క్రూ వదిలినందుకేనా? తప్పు స్క్రూదా, మా ఇద్దరిదా? ఏదీ తేలలేదు. ఇంజను ఆపాను. అన్న కిందికి దిగి, ఈసారి నిలబడి, మళ్ళీ మొదటి నుంచి ప్రార్థన చేశాడు. అవ్వ గట్టిగా ఆమేన్ అంది.

పెనుకొండ నుంచి హైవే మీద నేరుగా వెళ్ళి, చెన్నేకొత్తపల్లి దగ్గర ధర్మవరం దారి పట్టాలి. దూరంగా రామగిరి కొండల మీద గాలిమరలు తిరుగుతూ కనిపించాయి. గాలి మా వీపును తోస్తోంది. చెన్నేకొత్తపల్లిలో ఒక ఇంటి ముందు ఇంజను ఆపి ప్రార్థన చేశాం. ఒంటిగంటకు ధర్మవరం బంకులో నింపించి లెక్క వేస్తే ముప్పై నాలుగు.

నేను పైకే స్తోత్రం చెప్పాను. అన్న మాత్రం మేము వచ్చిన రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. "తమ్ముడూ, హిందూపురం ఎత్తులో ఉండాది, ధర్మవరం పల్లంలో ఉండాది. పైగా గాలి ఎనక నుంచి తోసె. దిగుడులో చెప్పిన సాక్ష్యం సాక్ష్యం కాదు. ఎక్కి చూపించమను."

కొనే మనిషి శ్రీనివాసులు బంకు దగ్గరికే వచ్చాడు. పట్టుచీరల అంగడి ఉన్నవాడు, బండి మీద లడఖ్ పోవాలని ఏటా అనుకునేవాడు. "మైలేజీ ఎవురడిగినారు సామీ? నాకు ఆ సౌండు గావల్ల. ఇట్లాంటి బండిని చాపలు మోయడానికి పెట్టినారే మీరు" అన్నాడు.

"చాపల మీద కూసునేటోళ్ళు నీ లడఖ్‌లో ఉండారా అబ్బా?" అన్నాడు అన్న. అమ్మేద్దామన్న మనిషి నోట ఆ మాట రావడం నాకు వింతగా తోచింది. సాయంత్రం ఫోను చేస్తామని శ్రీనివాసులుకు చెప్పి, హోటల్లో భోజనం చేసి మూడింటికి తిరుగుముఖం పట్టాం.

ఇప్పుడు అంతా ఎక్కుడు, గాలి ఎదురు. స్పీడు పెంచలేదు. ఆగిన ప్రతిచోటా ఇంజను ఆపాం. సోమందేపల్లిలో ప్రార్థన అయ్యాక బండి స్టార్ట్ కాలేదు. ఎన్ని కిక్కులు కొట్టినా లేవలేదు. నేను హ్యాండిల్ పట్టుకున్నాను. అరవై దాటిన యేసురత్నం అన్న చెప్పులు విడిచి ఇనుప పెట్టెలో పెట్టి, వెనక నుంచి తోశాడు. వీధి చివర ఇంజను అందుకుంది. అన్న ఆయాసపడుతూ వచ్చి ఎక్కాడు.

చీకటి పడే వేళకు హిందూపురంలో పొద్దున నింపిన బంకులోనే, అదే పంపు దగ్గర నింపించాం. లెక్క నేను రెండుసార్లు వేశాను, అన్న మూడోసారి వేశాడు. ఇరవై తొమ్మిది.

పెద్దల మాట ముప్పై. దిగుడులో ముప్పై నాలుగు వచ్చినా దాన్ని లెక్క కాదన్నది మేమే. బంకు కుర్రాళ్ళు పక్కకు జరగమంటున్నారు. నేను జరగలేదు.

"పూర్వం ఒక భక్తుడు" అన్నాడు అన్న నెమ్మదిగా, "ఒక పట్నాన్ని కాపాడమని దేవునితో యాభైమంది మంచోళ్ళు ఉంటే చాలా అని మొదలుపెట్టి పదిమంది దాకా దిగినాడు. దేవుడు కోప్పడలేదు. మనం ముప్పై కాడ నుంచి ఒక్కటి దిగితే పెద్దలు కోప్పడతారా?" జేబులోంచి ఫోను తీశాడు. "శ్రీనివాసులూ, బండి అమ్మేది లేదప్పా. లడఖ్‌కి వేరేది చూసుకో."

ఆ రాత్రి పడుకునే ముందు ప్లగ్గు విప్పి చూశాను. ఒకవైపు నల్లగా, ఒకవైపు టీ రంగులో ఉంది. ఇద్దరు మెకానిక్కులలో ఎవరి మాట నిలిచిందో, స్క్రూ వల్ల ఎంత వచ్చిందో, ఆపి చేసిన ప్రార్థన వల్ల ఎంత వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. తనకల్లు కూటం మాత్రం వచ్చే వారం ఉంది. స్పీకరు పెట్టెలు కట్టేశాను.

ప్రియమైన చదువరులారా, ఆ పల్లెల కోసం, ఆ బండి కోసం, దాన్ని తోసిన యేసురత్నం అన్న మోకాళ్ళ కోసం నాతో కలిసి ప్రార్థించండి. ఇది చదివేటప్పుడు మీరు ఏదైనా బండి మీద కూర్చుని ఉంటే, ముందు ఇంజను ఆపండి. ఆమేన్ వినపడాలి.