వంటగది మీద ఎత్తిపోసిన స్లాబు

తను వేసిన స్లాబు మీద ఏనుగులు తొక్కుడుబిళ్ల ఆడినా పగులు రాదని మేస్త్రి చెప్పుకుంటాడు. ఇరవై ఏళ్లలో వేసినవన్నీ వరసగా పేరిస్తే చందమామ దాకా నడిచివెళ్లి, మధ్యాహ్నం భోజనానికి తిరిగి రావొచ్చట.

అలాంటి మనిషికి మాస్టారి ఇంటి దగ్గర చుక్కలు కనిపించాయి. స్లాబు సగం పడగానే సిమెంటు మాలు కలిపే మిషను పళ్లచక్రం విరిగింది. ఇలాంటి రోజు కోసమే రెండోది సిద్ధంగా ఉంచమని బావమరిదికి వారం ముందే చెప్పాడు. వాడు దాన్ని పొద్దున్నే ఇంకెవరికో పంపేశాడు.

"మొహమాటపెట్టారు బావా. కాదనలేకపోయాను."

"నా మాట మాత్రం కాదనడం ఎంత బాగా వచ్చిందిరా నీకు."

దాన్ని వెతుక్కుంటూ గంటన్నర తిరిగి, మేస్త్రి ఉత్త చేతులతో మెట్లెక్కాడు. వంటగది మీద పరుపంత మేర తడిగా మెరుస్తోంది. బిగుసుకుపోతున్న పాత మాలులో బావమరిది రెండు బకెట్ల నీళ్లు కొట్టి పరిచేశాడు.

"చచ్చిన మాలుకి నీళ్లు తాగిస్తే లేచి కూచుంటుందా?"

"నున్నగానే ఉందిగదయ్యా," అన్నారు మాస్టారు. "వదిలెయ్. నెలాఖరుకి అద్దిల్లు ఖాళీ చేస్తానని మాటిచ్చాను."

"నున్నగానే ఉంటుంది మాస్టారూ. మొదటి వానకి అమ్మగారు గొడుగేసుకుని వంట చేస్తారు."

వదిలేస్తే ఆ కప్పు కారుతుంది. తీయిస్తే మాస్టారికిచ్చిన గడువు తప్పుతుంది. పన్నెండు మంది కూలీలు తన నోటికేసే చూస్తున్నారు. మేస్త్రికి ఒళ్లు మండిపోయింది.

"ఎత్తెయ్యండి," అన్నాడు.

ఎవరూ కదల్లేదు. తనే పార అందుకున్నాడు. తట్టలు మోసే పెద్దక్క నడుం పట్టుకుని లేచింది.

"పొద్దుట్నించి ఎక్కించింది దించడానికా తమ్ముడూ?"

"అవునక్కా."

"ముందే చెబితే కిందే ఉంచేవాళ్లంగా," అంటూ తట్ట పట్టింది.

మిగిలిన స్లాబు అంచు నిలువుగా కోసి, చెక్క అడ్డం కొట్టేసరికి కింద రెండో మిషనుని లాక్కొచ్చిన ట్రాక్టరు హారను మోగింది.

"తీసుకెళ్లినవాళ్లే పంపేశారు బావా. మొదలెడదామా?"

మేస్త్రి అంచు మీద బొటనవేలు నొక్కాడు. వేలు కొద్దిగానే దిగింది. ఇప్పుడు కొత్త మాలు పోసి కుదిపితే సగం బిగిసిన ఆ అంచూ చెదురుతుంది. వచ్చిన మిషనుని చూస్తుంటే ఇంకా మండింది.

"రేపు."

"రేపంటే రేపేనా?" అన్నారు మాస్టారు, మొహం మాడ్చుకుని.

"రేపే. మిషను ఇక్కణ్ణించి కదలదు. దానికి మా బావమరిదిని కట్టేసి వెళ్తాను."

పెద్దక్క నవ్వింది. మేస్త్రి నవ్వలేదు, తాడు కోసం చూస్తున్నాడు.