మా అవ్వా, జట్కా గుర్రమూ

మొన్న మనవరాలిని సముద్రం ఒడ్డుకు తీసుకెళితే, పిల్లల్ని ఎక్కించుకుని తిప్పే గుర్రం ఒకటి కనిపించింది. పిల్ల ఎక్కుతానని గంతులు వేస్తుంటే, నేను వంగి దాని గిట్టలు చూశాను. జీను కింద పుండేమైనా ఉందేమోనని తడిమాను. గుర్రం తిప్పే మనిషి కాసేపు చూసి, "కొంటారా అమ్మా?" అన్నాడు. నేను కొనేదాన్నీ కాదు, పశువుల డాక్టరునీ కాదు. అనుమానం మా ఇంటి ఆస్తి. పొలాలు చిన్నాన్నలకు పోయాయి, ఇది నాకు వచ్చింది.

ఈ ఆస్తికి అసలు సొంతదారు మా అవ్వ, అంటే మా నాయన తల్లి. పాలవాడి కొలపాత్ర మీద, కరెంటు మీటరు మీద, ఎక్కువగా నవ్వే చుట్టాల మీద ఆమెకు సమానంగా అనుమానమే. డెబ్బైలలో మేం ఆత్మకూరులో ఉండేవాళ్లం. మా వీధి పిల్లలందరం బడికి ఒకే జట్కాలో వెళ్లేవాళ్లం. బండాయన ఉదయగిరి నుంచి వచ్చిన సాయిబు. మేం జట్కా తాత అనేవాళ్లం. బడి వదిలాక మమ్మల్ని తిన్నగా ఇంటికి తేకుండా, దారిలో వేపచెట్టు కింద గుర్రాన్ని విప్పి మాకు ఆటలు నేర్పేవాడు. ఒకరు కళ్లు మూసుకుని గుర్రమై నిలబడాలి. మిగిలినవాళ్లు ఒక్కొక్కరే పలకరిస్తూ, పక్క నుంచి వచ్చి మెడ మీద చేయి వేయాలి. గుర్రం ఉలిక్కిపడితే వచ్చినవాళ్లు ఓడినట్టు. గెలిచినవాళ్లకే నిజం గుర్రాన్ని కొబ్బరిపీచుతో తోమే భాగ్యం. దానికోసం మేం కొట్టుకునేవాళ్లం. ఇంట్లో చెంబు తోమమంటే మాత్రం ఒక్కరికీ చేతులు ఆడేవి కావు.

మేం ఆలస్యంగా రావడం, ఒంటి మీద గుర్రం వాసన, వంటింటి డబ్బాలో ఉలవలు తరిగిపోవడం, అన్నీ అవ్వ కలిపి చూసుకుంది. సాయంత్రం గడపలోనే మా చేతులు పట్టుకుని వాసన చూసేది. ఊరికే పరాయి పిల్లలకు ఎవడైనా ఏదైనా నేర్పుతాడా, మా చేత తన గుర్రానికి చాకిరీ చేయించుకుంటున్నాడని నాయనతో వాదించేది. ఆమె వద్దంటే మా వీధిలో ఏ ఇంటి పిల్లలూ బండి ఎక్కరు. జట్కా తాతకు రోజూ ఖాయంగా దొరికే గిరాకీ మేమే. ఆ సంగతి మాకూ తెలుసు కనుక బిక్కుబిక్కుమంటూ ఉండేవాళ్లం.

ఒకరోజు ఆమె చెప్పాపెట్టకుండా వేపచెట్టు దగ్గరికి వచ్చేసింది. సరిగ్గా అప్పుడు గుర్రం తీరిగ్గా గడ్డి నములుతోంది. బండి ముందుండే రెండు కర్రల మధ్య, గుర్రం ఉండవలసిన చోట, నేనున్నాను. మిగతా పిల్లలు బండిలో ఉన్నారు.

"ఏంది సాయిబూ, గుర్రానికి మేత పెట్టి మా పాపను బండికి కట్టినావా?"

"మీరొకసారి పట్టుకోండమ్మా, తర్వాత తిట్టండి" అన్నాడతను.

ఇందులో ఏం మోసముందోనని కర్రల్ని అటూ ఇటూ కదిపి చూసి, అవ్వ నా చోట నిలబడింది. పిల్లలు ముందుకు జరిగితే కర్రలు ఆమె చేతుల్ని కిందికి లాగేశాయి. వెనక్కి జరిగితే ఆమె మడమలు నేలకు ఆనలేదు. సర్దుకుని మధ్యలో కూర్చున్నప్పుడు మాత్రం బరువే తెలియలేదు. ఎక్కినవాళ్లు సరిగా కూర్చోకపోతే గుర్రం పడే బాధ ఇదేనని, నోటితో చెబితే పిల్లలు వినరని, అందుకే ఒక్కొక్కరినీ అక్కడ నిలబెడుతున్నానని అతను చెప్పాడు. అవ్వ చేతులు దులుపుకుని మా వైపు గుర్రుగా చూసింది. మర్నాటి నుంచి ఆమె అనుమానం మా మీదికి మళ్లింది. బండి ఎక్కేముందు మా సంచులు వెతికి గోలీలు, గులకరాళ్లు, చింతకాయలు తీసి పారేసేది. జట్కా తాత మీద అనుమానం పోయిందా అంటే, పోలేదు. పోతే ఆమె మా అవ్వే కాదు.

ఎనభైలు వచ్చేసరికి ఊళ్లో ఆటోలు తిరగసాగాయి. జట్కా తాతకూ గుర్రానికీ వయసైంది. ఉదయగిరి వెళ్లిపోతున్నానని, తమ్ముడి చేలో గుర్రాన్ని ఊరికే మేపుకుంటానని చెప్పి వెళ్లాడు. పని చేయని గుర్రానికి ఎవరు మేత పెడతారు, ఈపాటికి ఎవడికో అమ్మేసి ఉంటాడని అవ్వకు అన్నం సయించలేదు. నాకూ దిగులుగానే ఉండేది. ఆ గుర్రమంటే నాకు ప్రాణం. చివరికి ఆమె నన్ను వెంటబెట్టుకుని ఉదయగిరి బస్సెక్కింది.

కోట కొండ కింద, కోత అయిపోయిన జొన్న చేలో గుర్రం మేస్తోంది. అవ్వ దాని డొక్కలు తడిమింది, నా చేత గిట్టలు ఎత్తించి చూసింది. ఎక్కడా వంక దొరకలేదు. జట్కా తాత గట్టు మీద నిలబడి అంతా చూసి, చిన్నబుచ్చుకున్న గొంతుతో అడిగాడు.

"ఇప్పటికైనా నన్ను నమ్ముతారా అమ్మా?"

"నమ్మింటే ఇంత దూరం వచ్చేదాన్నా, సాయిబూ?" అంది అవ్వ, గుర్రం మెడ మీది నుంచి చేయి తీయకుండా.

అంత మంచి మనిషిని మొహం మీదే తిట్టేసిందని ఆ రోజు సిగ్గుతో తల దించుకున్నాను. అది తిట్టు కాదని తెలియడానికి నాకు అవ్వ వయసు రావలసి వచ్చింది.