శాలువా మర్చిపోబాక

మా తోడికోడలు స్విట్జర్లాండ్‌లో సరస్సు ఒడ్డునున్న లూసర్న్ చూసి వచ్చింది. రొయ్యల మేత కంపెనీ వాళ్లు డీలర్లను భార్యలతో సహా తీసుకుపోయారు. మేత అంగడి మా బావగారిది. రొయ్యల గుంటల దగ్గర ఎండలో నిలబడేది మా ఆయన. గుంటలు కాసేవాళ్లకు విమానం టిక్కెట్టు రాదు.

తిరిగొచ్చాక, ఎవరు కనబడినా ఆమె కుడిచేయి గాలిలో సరస్సంత గుండ్రంగా తిప్పి, వాళ్లు రేపే బయలుదేరుతున్నట్టు జాగ్రత్తలు చెప్పేది. బిట్రగుంటలో మా జాకెట్లు కుట్టే టైలరుకు కూడా, "ఆదివారం అంగళ్లు తీయరు, శనివారమే పాలు కొని పెట్టుకో" అని చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు జువ్వలదిన్నె హార్బరులో మాకు వంజరం కోసిస్తున్న చేపలామెను పట్టుకుంది.

"నీళ్ల సీసా కొనబాక, వీధి కుళాయి నీళ్లే తాగొచ్చు. పడవలో మేడ మీద కూర్చో. చలిగా ఉంటాది, శాలువా మర్చిపోబాక."

"అట్నే అక్కా, ఎత్తుకుపోతాలే," అని నవ్వింది చేపలామె, చేతికంటిన పొలుసులు దులుపుకుంటూ.

తర్వాత నా వంతే అనుకున్నాను. ఎగతాళిగా ఏం బదులివ్వాలో కూడా సిద్ధం చేసుకున్నాను. మా తోడికోడలు నావైపు తిరిగి, చేపల సంచి నా చేతికిచ్చింది.

ఊరందరినీ లూసర్న్ పంపిన మనిషి, నన్ను ఒక్కసారి కూడా పంపలేదు.