కరివేపాకు కుండీలో హీటర్ గొట్టం

2022 జనవరి, స్కార్‌బరో. నేను మాన్యువల్స్ చదువుకుని వాటర్ హీటర్ల పని నేర్చుకున్నవాణ్ణి. ఎన్నో ఇళ్లు చూశాను గానీ, ఆ ఇల్లు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇంటాయన శామ్యూల్ గారు తలుపు తీస్తూనే తీర్పు చెప్పేశారు. "బేస్‌మెంట్‌లో అద్దెకున్న పిల్ల గంటలు గంటలు స్నానాలు చేసి హీటర్‌ని చంపేసింది. ఆదివారంలోగా ఖాళీ చెయ్యమన్నా. ఇలాంటిదానికి ఎవరూ గది ఇవ్వొద్దని చర్చిలో కూడా చెప్పా. తప్పు ఆ పిల్లదేనని మీరూ ఓ మాట అనండి, చాలు."

"చూడకుండా ఏమనమంటారండీ?" అన్నాను.

ఆయనతో కలిసి బేస్‌మెంట్‌లోకి దిగాను. ఆ అమ్మాయి పేరు కెజియా. ఒంగోలు నుంచి ఈ దేశం వచ్చి వృద్ధుల హోమ్‌లో పనిచేస్తోంది. బయట గడ్డకట్టే చలి, ఆమె స్టవ్ మీద నీళ్లు కాచుకుంటోంది. "నేనేం చెయ్యలేదంటే ఎవరూ నమ్మట్లేదు అంకుల్" అంది. చర్చిలో అంత మాట అన్నాక ఆమెకి ఇంకెవరు గది ఇస్తారు?

అది హై ఎఫిషియెన్సీ హీటర్. గ్యాస్ మండిన పొగలోని ఆవిరి అందులోనే చల్లబడి నీరవుతుంది. ఆ నీరు బయటికి పోయే సన్న గొట్టమే కండెన్సేట్ డ్రెయిన్. అది మూసుకుపోతే నీరు వెనక్కి ఎగదన్నుతుంది, సెన్సర్ మంట ఆపేస్తుంది. ఎంతసేపు స్నానం చేసినా ఆ గొట్టం మూసుకుపోదు.

ఇక్కడా నీరు వెనక్కి ఎగదన్ని ఉంది, అందుకే గొట్టం వెంట చూసుకుంటూ వెళ్లాను. నేలలోని తూముకి పోవాల్సింది, కిటికీ కింద కరివేపాకు కుండీలోకి పోయింది! కొస మట్టిలో పాతేసి ఉంది. మొక్క పుల్లలా ఎండిపోయింది.

"ఇదెవరి పని?"

"నాదే" అన్నారు శామ్యూల్ గారు. "మంచి నీళ్లు ఊరికే పోతున్నాయని పెట్టా. ఈ చలిలో కరివేపాకు బతికించడం మాటలా? ఈ పిల్లే సబ్బునీళ్లు పోసి చంపేసింది."

"ఈ గొట్టంలోంచి వచ్చేది యాసిడ్ నీరండీ! మొక్కని చంపిందీ మీరే, హీటర్‌ని ఆపిందీ మీరే. గది ఖాళీ చెయ్యాల్సింది మాత్రం ఈ అమ్మాయా?"

గొట్టం ఊడదీసి ఊదితే బురద ముద్ద పడింది. లోపలంతా కడిగి, కొత్త గొట్టం తూములోకి వేశాను. మంట అంటుకుంది.

శామ్యూల్ గారు దానం చేస్తున్నట్టు, "సరేలేమ్మా, ఉండు" అన్నారు.

"ఉండమనడం కాదంకుల్" అంది కెజియా. "చర్చిలో చెప్పారుగా, ఇది కూడా చెప్పండి. నా ముందే."

"ఇప్పుడా? చూద్దాంలే."

నేను టూల్ బాక్స్ మీద కూర్చున్నాను. "కానివ్వండి, నాకేం తొందర లేదు."

ఆయన గొణుక్కుంటూ పాస్టరమ్మ గారికి ఫోన్ చేశారు. "హీటర్ బాగయిందండీ..."

"గొట్టం సంగతి అంకుల్" అంది కెజియా.

చెప్పారు. మింగలేక మింగలేక చెప్పారు.

హీటర్ ఆగితే విప్పి చూడమని నన్ను పిలుస్తారు. మనిషి మీద నింద వేసేటప్పుడు మాత్రం ఎవరూ ఏదీ విప్పి చూడరు. అందుకే రిపేర్ అయిపోగానే నేను బయల్దేరను. తప్పు ఎక్కడుందో, మాట పడినవాళ్ల ముందే చెప్పి, అప్పుడు సామాన్లు సర్దుకుంటాను.